గంగమ్మ గుడి ముందు ఇనుప గుండు, పుట్టింటి బీరువాలో వెండి నాణేలు

భీమిలికి ఉత్తరాన ఉన్న ఒక మత్స్యకార పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆమె భర్తకూ బావగారికీ కలిపి ఒక మరబోటు ఉంది. గత జూన్ 9న ఒడ్డుకు తొమ్మిది నాటికల్ మైళ్ల దూరంలో, 22 బారల లోతులో ట్రాల్ వల అడుగున దేనికో పట్టుకుంది. గింజుకుని పైకి లాగితే చేపలతో పాటు గుల్లలు కరుచుకున్న ఒక రాతి ముద్ద, కొబ్బరికాయంత ఇనుప గుండు, రెండు సీసపు దిమ్మెలు, ఒక నీలిరంగు పూల పళ్లెం, మరో పళ్లెం ముక్కలు, విడిగా 23 వెండి నాణేలు వచ్చాయి. ముద్ద అంచుల్లో ఇంకా నాణేలు కనిపిస్తున్నాయట.

అక్కడి నుంచి ఎవరికి తోచింది వాళ్లు చేశారు. గుండును అత్తగారు సముద్రం ఇచ్చిన ప్రసాదమని గంగమ్మ గుడి ముందు పెట్టించి, పసుపు రాసి రోజూ హారతి ఇస్తున్నారు. అది పెచ్చులూడుతోంది. నాణేలను తోడికోడలు చింతపండుతో తోమి పుట్టింటి బీరువాలో దాచింది. ఒకదాని మీద రాణి తల, 1840 అన్న అంకెలు తేలాయి. ఒక కళాసీ సీసపు దిమ్మెను కరిగించి వలకు గుండ్లు పోశాడు. ముద్ద పెరట్లో ఉప్పునీళ్ల బకెట్లో మురుగు వాసన కొడుతోంది. ఇంతలో నగరం నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. ఇది 1804లో విశాఖ దగ్గర మునిగిన ఇంగ్లీషు ఓడ అని చెప్పాడు, ముద్దను యాసిడ్‌లో వేస్తే గంటలో విడిపోతుందన్నాడు, అన్నింటికీ మూడు లక్షలిస్తానన్నాడు. చోటు చూపిస్తే డైవర్లను తెచ్చుకుంటాడట. బావగారు ఇరవై వేలు బయానా తీసేసుకున్నారు. దుబాయ్‌లో ఉన్న మరిది కొన్ని నాణేలు పంపమంటున్నాడు. భర్త మాత్రం 'పీడ వదిలిపోతుంది, మళ్లీ సముద్రంలో పారేద్దాం' అంటున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ రోజుకి వేట నిషేధం ఇంకా ముగియకపోవడం మరో ఎత్తు. 'చెబితే కేసు, చెప్పకపోతే భయం. ఏం చేయమంటారు?' అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటి కంటే ముందు మాట్లాడాల్సింది ఆ గుండు గురించి. ఈ రోజే మాట్లాడాలి.

మీరు కొలిచిన అడ్డుకొలత దాదాపు 13 సెంటీమీటర్లు, బరువు ఐదున్నర కిలోలు. అంత పోత ఇనుప గుండు గట్టిదైతే ఎనిమిది కిలోలు తూగాలి. తేడాకు రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఏళ్ల తరబడి ఉప్పునీటిలో ఇనుము కరిగిపోయి గ్రాఫైట్ మాత్రమే మిగలడం. ఆకారం చెక్కుచెదరదు, కానీ గోటితో గీకినా నల్లగా ఊడుతుంది. రెండోది, అది లోపల బోలుగా ఉండి మందు కూరిన గుండు కావడం. పందొమ్మిదో శతాబ్దపు ఓడల్లో రెండు రకాలూ ఉండేవి. పైనుంచి చూసి ఏది ఏదో చెప్పలేం, ఎక్స్‌రే తీయాలి. అందాకా దాన్ని మందుగుండుగానే చూడండి. దీపం, కర్పూరం దాని దగ్గర వెలిగించకండి. ఎండలో ఉంచకండి, సుత్తి తగిలించకండి, రంధ్రం చేయకండి. ఎక్కడైనా గుండ్రటి బిరడా లాంటి గుర్తు కనిపిస్తే ముట్టుకోకుండా జనాన్ని దూరం చేసి పోలీసులకు చెప్పండి, బాంబు నిర్వీర్య దళం వస్తుంది. అత్తగారితో 'తీసేద్దాం' అనకండి. హారతి గంగమ్మకిద్దాం, గుండుకు వద్దు అని చెప్పండి. ఆ మాట ఆమెకు అర్థమవుతుంది.

పెచ్చులు ఊడటానికి కారణం కూడా తెలుసుకోండి. మిగతా వస్తువుల సంగతి దానితోనే తేలుతుంది. సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఉప్పు ఇనుములోకి లోతుగా ఇంకుతుంది. నీళ్లలో ఉన్నంతసేపు పైన కట్టిన పెంకు దాన్ని కొంత కాపాడుతుంది. గాలి తగిలి ఆరగానే లోపలి ఉప్పు, గాలిలోని తేమ, ప్రాణవాయువు కలిసి కొత్త తుప్పు పుట్టిస్తాయి. అది ఎక్కువ చోటు ఆక్రమించి పై పొరను లోపలి నుంచి తోసేస్తుంది. గోడకు చౌడు పట్టి సున్నం రాలడం చూశారు కదా, అలాంటిదే. పైకి తీసి ఆరబెట్టిన పోత ఇనుప గుండ్లు వాటంతటవే వేడెక్కి పగిలిన సందర్భాలూ ఉన్నాయి. పసుపు, నూనె పైపైనే ఉంటాయి, లోపలి ఉప్పును ఆపలేవు. గాలిలో తేమ 15-20 శాతం లోపు ఉంటే తప్ప ఈ తుప్పు ఆగదు. మన తీరంలో అంత పొడి గాలి ఏ కాలంలోనూ రాదు.

గుండు ఇప్పటికే పూర్తిగా ఆరిపోయింది కాబట్టి మీరుగా మళ్లీ నీళ్లలో వేయకండి. మందుగుండు కాదని తేలాక బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. అడుగున తేమను పీల్చే సిలికా జెల్ సంచులు కిలో వేసి, వాటి రంగు మారినప్పుడల్లా మార్చండి. రాలిన పెచ్చులు కూడా పారేయకుండా అదే డబ్బాలో వేయండి.

ముద్ద విషయంలో మీరు చేసినంతలో మంచి పని, దాన్ని తడిగా ఉంచడం. నల్లటి మురుగు వాసన గాలి ఆడని నీటిలో పెరిగే సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. పది లీటర్ల మంచినీటికి అర కిలో సోడా యాష్ (సోడియం కార్బొనేట్) కలిపి, ముద్ద పూర్తిగా మునిగేలా మూత ఉన్న ప్లాస్టిక్ తొట్టిలో ఉంచండి. లోహపు పాత్ర వద్దు. వంటసోడా పనికిరాదు, కాస్టిక్ సోడా జోలికి అసలే వెళ్లకండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. నీళ్లు నెలకోసారి మార్చండి. ఇది చికిత్స కాదు, ప్రయోగశాలకు చేరేదాకా చెడిపోకుండా పట్టి ఉంచే ఏర్పాటు మాత్రమే.

యాసిడ్‌లో వేస్తే గంటలో విడిపోతాయన్న మాట సగం నిజం, అందుకే ప్రమాదం. గుల్లల సున్నం బుసబుసమని కరిగిపోతుంది. దాంతో పాటు లోపలి అచ్చులూ పోతాయి. ఇలాంటి ముద్దల్లో మేకులు, తాళాలు, కత్తుల్లాంటి ఇనుప వస్తువులు పూర్తిగా కరిగిపోయి వాటి ఆకారంలో ఖాళీ మిగిలి ఉంటుంది. ప్రయోగశాలలో ఎక్స్‌రే తీసి, ఆ ఖాళీలో ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి వస్తువు రూపాన్ని తిరిగి రాబడతారు. నాణేలు దొంతరగా అంటుకుని ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి అవి సంచిలో ఉన్నాయా పెట్టెలో ఉన్నాయా చెప్పగలరు. విడగొడితే మీకు మిగిలేది కాసిని వెండి బిళ్లలే.

పళ్లెం, ముక్కలు మంచినీటి తొట్టిలో వేయండి. మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి నీళ్లు మార్చండి. లేకపోతే మెరుగు కింద ఉప్పు గడ్డకట్టి పైపూతను పొరలుగా లేపుతుంది. బ్లీచింగ్ వద్దు. తోమిన నాణేలను తాగేనీటిలో బాగా జాడించి, మెత్తని గుడ్డతో అద్ది, విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టండి. చింతపండు పులుపు మురికిని మాత్రమే తీయదు, అరిగిన అక్షరాల చివరి ఆనవాళ్లనూ తీస్తుంది. తోడికోడలిని నిందించి లాభం లేదు. వెండిని అలా తోమడమే ఎవరికైనా తెలిసిన పద్ధతి. తోమని నాణేలు మిగిలి ఉంటే అవే ఇప్పుడు ఎక్కువ విలువైనవి.

ఇక ఆ వ్యాపారి కథ చూద్దాం. 1804 సెప్టెంబరు 15న లినోయి నాయకత్వంలో ఫ్రెంచి ఓడలు విశాఖ రేవు మీద పడిన మాట నిజం. ఆ గొడవలో బార్నబీ అనే ఓడ లంగరు తాళ్లు తెంచుకుని ఒడ్డుకెక్కి పగిలిపోయిందన్నదీ నిజం. కానీ ఒడ్డుకెక్కిన ఓడ తొమ్మిది మైళ్ల అవతల 22 బారల లోతులోకి ఎలా వెళ్లింది? పైగా 1804లో మునిగిన ఓడలో 1840 నాటి రూపాయి ఉండే అవకాశమే లేదు. ఇంకో మెలిక ఉంది. విక్టోరియా రాణి తలతో 1840 అని ఉన్న రూపాయలను 1862లో కొత్త అచ్చు వచ్చేదాకా అదే సంవత్సరం వేసి కొడుతూ వచ్చారు. కాబట్టి ఆ నాణేలతో వెళ్తున్న ఓడ 1840 తర్వాత ఎప్పుడైనా మునిగి ఉండొచ్చు. నాణేలు, పళ్లెం ఒకే ఓడవని కూడా అనుకోకండి. గంటకు మూడు మైళ్ల చొప్పున మూడు గంటలు లాగిన వల తొమ్మిది నాటికల్ మైళ్లు ఊడ్చుకుంటూ వస్తుంది.

ఆ రూపాయి అరుదైనదేమీ కాదు. 11.66 గ్రాముల బరువులో వెండి పదిన్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. నాణేల వ్యాపారుల దగ్గర మామూలుగా దొరికే సరుకే. పగిలిన పళ్లెం, తుప్పు గుండు, 23 రూపాయలకు ఎవరూ మూడు లక్షలివ్వరు. ఆయన బేరమాడుతున్నది మీ ఆయన జీపీఎస్‌లో ఉన్న గుర్తు కోసం. ఆ లోతు నలభై మీటర్లు. సరదా డైవింగుకు అదే చివరి హద్దు. కంప్రెసర్ గొట్టం నోట్లో పెట్టుకుని దిగేవాళ్లు తొందరగా పైకి వస్తే పక్షవాతమైనా వస్తుంది, ప్రాణమైనా పోతుంది. వాళ్లను తీసుకెళ్లిన బోటు మీదైతే ఆ కేసూ మీదే.

'సముద్రంలో దొరికింది సముద్రం మీద బతికేవాడిదే' అని మీ బావగారు అన్నారట. వినడానికి న్యాయంగానే ఉంది. రాజ్యాంగం 297వ అధికరణ వేరే మాట చెబుతుంది. ప్రాదేశిక జలాలు, ఖండాంచలం (తీరం నుంచి సముద్రం కింద సాగే నేల అంచు), సముద్రంలోని ప్రత్యేక ఆర్థిక మండలి (ఈఈజెడ్), వీటిలో సముద్రం అడుగున ఉన్న విలువైన వస్తువులన్నీ కేంద్రానివి. ప్రాదేశిక జలాలు 12 నాటికల్ మైళ్లు, మీ చోటు తొమ్మిది. మునిగిన ఓడ సరుకు దొరికినవాళ్లు దాన్ని ఉంచుకోకుండా ప్రభుత్వం నియమించిన 'రిసీవర్ ఆఫ్ రెక్' అనే అధికారికి అప్పగించాలని 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం చెప్పింది. అసలు యజమాని రావడానికి ఏడాది గడువు ఇచ్చింది, కాపాడినవాళ్లకు తగిన ప్రతిఫలం అడిగే వీలూ కల్పించింది. దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అందుకే అర్జీలో సెక్షన్ నంబర్లు రాయకండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం 'నేలలో దాగిన' నిధి గురించి మాట్లాడుతుంది. సముద్రగర్భం నేల కిందికి వస్తుందా అని వకీళ్లు రెండు వైపులా వాదించగలరు. మీకు ఆ వాదన అనవసరం. ఆ చట్టం కూడా కలెక్టరుకి రాతపూర్వకంగా చెప్పమనే అంటుంది.

ఈ పేచీ మన తీరానికి కొత్తదీ కాదు. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోనని కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి శాసనంలో వర్తకులకు అభయమిచ్చాడు. ఓడ పగిలినా సరుకుకు యజమాని ఉంటాడన్న సూత్రం అప్పుడే రాయి మీదికెక్కింది. 2007లో ఒడిస్సీ అనే అమెరికన్ కంపెనీ అట్లాంటిక్ అడుగు నుంచి తీసిన దాదాపు ఆరు లక్షల నాణేలను, అవి స్పెయిన్ యుద్ధనౌకవని కోర్టు తేల్చాక 2012లో ఆ దేశానికి అప్పగించాల్సి వచ్చింది. అదే కంపెనీ కలకత్తా నుంచి బయల్దేరి 1941లో మునిగిన గైర్సొప్పా ఓడ వెండిని మాత్రం బ్రిటన్ ప్రభుత్వంతో ముందే ఒప్పందం రాసుకుని తీసింది, కాబట్టి సింహభాగం దానికే దక్కింది. తీశాక బేరమాడటానికీ, తీయక ముందు కాగితం రాసుకోవడానికీ అంత తేడా.

మీ ముందున్న దారులు చూద్దాం.

అమ్మేయడం. వందేళ్లు దాటిన నాణేలు, కళాఖండాలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. మీది కాని వస్తువుకు మీరు రసీదు రాసివ్వలేరు, ఆయన తీసుకోడు కూడా. రేపు ఆయన దొరికితే చెప్పే మొదటి పేరు మీ బావగారిదే. బయానా సంగతి తేల్చుకోవడం అందుకే ముఖ్యం. ఇరవై వేలు నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా తిప్పి పంపించి, 'బేరం రద్దు' అని ఒక సందేశం పెట్టించండి. ఆ రెండూ దాచుకోండి. దుబాయ్ సంగతి ఒక్క మాటలో చెబుతాను, వద్దు. పురావస్తువును దేశం దాటిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు. విమానాశ్రయంలో దొరికేది మీ మరిది కాదు, సంచీ మోసుకెళ్లిన ఊరివాడు.

ఇంట్లో దాచుకోవడం. ఇప్పటికే ఏడుగురు కళాసీలకు, పుట్టింటివాళ్లకు, వ్యాపారికి తెలిసిన విషయం రహస్యం కాదు. ఎంత ఆలస్యమైతే 'తెలియక ఉంచుకున్నాం' అన్న మాట అంత పలచనవుతుంది.

మళ్లీ సముద్రంలో పారేయడం. మీ ఆయన భయం అర్థమవుతుంది. కానీ గాలి తగిలిన ఇనుము పాత పెంకు పోగొట్టుకుంది, నీటిలో ముందుకంటే తొందరగా నశిస్తుంది. వేరే చోట పారేస్తే తర్వాత చూసేవాళ్లకు తప్పుడు ఆధారమవుతుంది. పైగా సాక్ష్యం మాయం చేశారన్న మాట అదనంగా మెడకు చుట్టుకుంటుంది.

చెప్పడం. దీనికీ ఖర్చు ఉంది, దాచను. వస్తువులు వెళ్లిపోతాయి. ప్రతిఫలం వస్తుందని నమ్మకం పెట్టుకోకండి, వచ్చినా ఆలస్యంగా వస్తుంది. ఆ చోటు ముఖ్యమైనదని తేలితే అక్కడ వల వేయడం మీద ఆంక్షలు రావచ్చు. మునిగిన ఓడ చుట్టూ చేప బాగా చేరుతుంది కాబట్టి అది మీకు నిజమైన నష్టమే. అయితే ఆ చోట వల చిరిగే నష్టం కూడా మీదే. జీపీఎస్ గుర్తును బహిరంగం చేయవద్దని అర్జీలోనే కోరవచ్చు.

జూన్ 9 తేదీ అసలు ముడి. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. తేదీ ఉన్నదున్నట్టు రాస్తే మత్స్యశాఖ జరిమానా వేయవచ్చు, డీజిల్ రాయితీ ఆపవచ్చు. తేదీని జూన్ 16గా మార్చి రాస్తే ఏడుగురు కళాసీల్లో ఒక్కరి నోరు జారినా సరిపోతుంది. అప్పుడు జరిమానాతో తేలే తప్పు, సంతకం పెట్టి చెప్పిన అబద్ధం అవుతుంది, మిగతా అర్జీనీ ఎవరూ నమ్మరు. అర్జీకి ముందు ఒక వకీలును కలిసి, ఈ తేదీ ఒక్కదాని గురించే సలహా తీసుకోండి. బోటు కాగితాలు ఎవరి పేరున ఉంటే వాళ్లు వెళ్లాలి. మీ బావగారిని ఒప్పించడానికి కూడా వకీలు మాట మీ మాట కంటే బాగా పనిచేస్తుంది.

చెప్పాలనుకుంటే అర్జీ ఒక పేజీ చాలు, తెలుగులోనే రాయండి. ఏమేం దొరికాయి, ఎన్ని, ఎంత బరువు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి. వల వేసిన చోటు, పట్టుకున్న చోటు, ఎత్తిన చోటు, మూడింటి అక్షాంశ రేఖాంశాలు, లోతు. బోటులోని జీపీఎస్ ప్లాటర్‌లో పాత గుర్తులు చెరిగిపోకముందే ఇవి నోటుబుక్కులో ఎక్కించండి. గుండు మందుగుండు కావచ్చన్న అనుమానాన్ని మొదటి వాక్యంలో పెట్టండి. ప్రతి వస్తువునూ స్కేలు పక్కన పెట్టి రెండు వైపులా ఫొటో తీయండి. వాటిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. జిల్లా కలెక్టరుకి అసలు ప్రతి, రాష్ట్ర పురావస్తు శాఖకు, భారత పురావస్తు సర్వేక్షణకు, రేవు అధికారికి నకళ్లు రసీదు వచ్చే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సర్వేక్షణలో 2001 నుంచి నీటి అడుగు తవ్వకాలకు ప్రత్యేక విభాగం ఉంది. లక్షద్వీప్‌లో 'బంగారం' అనే పేరున్న దీవి దగ్గర మునిగిన ఓడను నౌకాదళంతో కలిసి పరిశీలించింది వాళ్లే. ఎవరొచ్చి అడిగినా వస్తువుల జాబితా రాసి, సంతకం చేసి, ఒక ప్రతి మీకిచ్చాకే అప్పగించండి.

సీసం గురించి చివరగా. తమిళనాడులో పూంపుహార్ దగ్గర మునిగిన ఓడలో దొరికిన సీసపు దిమ్మెల మీద 'డబ్ల్యూ బ్లాకెట్' అన్న పేరు, 1791, 1792 అన్న ఏళ్లు ఉన్నాయి. ఆ ఓడ ఏ కాలానిదో చెప్పగలిగింది ఆ గుర్తుల వల్లే. మీ ఓడ పేరు చెప్పే అవకాశం నాణేల కంటే ఆ దిమ్మెలకే ఎక్కువ. ఒకటి కరిగిపోయింది. రెండోది మీ వంటింటి గడప పక్కన తలుపుకు ఒరిగించి ఉందని రాశారు. దాన్ని తోమకుండా, గీకకుండా, ఒట్టి చేతులతో పట్టకుండా గుడ్డలో చుట్టి పిల్లలకు అందని చోట పెట్టండి. కరిగించిన కళాసీ దగ్గరికి వెళ్లి, పోసేముందు దాని మీద అక్షరాలో కిరీటం బొమ్మో చూశాడేమో నెమ్మదిగా అడగండి. గుర్తుంటే కాగితం మీద గీయించండి. ఆ వల గుండ్లను కూడా అర్జీలో రాయండి, అమ్మేయవద్దని అతనికి చెప్పండి.